నేలకు నాడిపరీక్ష

పాఠ్యభాగ నేపథ్యం

గనులు, కర్మాగారాలు, మానవ వృత్తులు విడిచిన విషపదార్థాలను నేల నుంచి, నీటి నుంచి తొలగించే పనిని పర్యావరణ శుద్ధి అంటారు. ఈ శుద్ధి ఎక్కడ మొదలుకావాలో, ఎంతవరకు సాగాలో, ఎప్పుడు ముగిసినట్లు భావించాలో తెలిపేవి కొలతలే. చేతిలో ఇమిడే పరికరాలతో క్షేత్రంలోనే చేసే కొలతలకు, ప్రయోగశాలలో చేసే విశ్లేషణకు మధ్యగల తారతమ్యాన్ని, వాటి పరస్పర సంబంధాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

“ఆలస్యం అమృతం విషం” అన్నారు పెద్దలు. “నిదానమే ప్రధానం” అన్నదీ ఆ పెద్దలే. పైకి చూస్తే ఈ రెండు మాటలకూ పొత్తు కుదరదు. త్వరపడమంటుంది ఒకటి, తొందర వద్దంటుంది మరొకటి. అయితే లోకానుభవం గలవారికి వీటిలో విరోధం కనిపించదు. ఎక్కడ త్వరపడాలో, ఎక్కడ నిలిచి ఆలోచించాలో ఎరగడమే వివేకం.

విషపూరితమైన నేలను శుద్ధిచేసే శాస్త్రజ్ఞునికి ఈ వివేకం అనుక్షణం అవసరం. అతని చేతిలో నిమిషంలో ఫలితం చూపే చిన్న పరికరం ఉంటుంది. ఎక్కడో దూరాన, కొన్ని రోజులకో వారాలకో నిశితమైన ఫలితాన్ని పంపే ప్రయోగశాల ఉంటుంది. దేనిని నమ్మాలి? ఎప్పుడు నమ్మాలి? పసిబిడ్డల ప్రాణాలే ఈ ప్రశ్నపై ఆధారపడిన సందర్భం ఒకటి 2010లో ఆఫ్రికా ఖండంలో ఏర్పడింది.

జంఫారా గ్రామాల విషాదం

నైజీరియా దేశపు వాయవ్య భాగంలో జంఫారా అనే రాష్ట్రం ఉంది. అక్కడి గ్రామీణులలో పలువురు సేద్యంతో పాటు, బంగారు ఖనిజాన్ని తవ్వి తెచ్చి, తమ చేతులతోనే బంగారాన్ని వేరుచేసి అమ్ముకొని జీవించేవారు. రాళ్లను పగలగొట్టడం, పిండిమరల్లో వేసి పొడిచేయడం, కడగడం మొదలైన పనులు ఎన్నో ఇళ్ల ప్రాంగణాలలోనే జరిగేవి. ఆ ఖనిజంలో బంగారంతో పాటు సీసం కూడా అధికంగా ఉన్న సంగతి వారికి తెలియదు. మరలనుంచి లేచిన సన్నని ధూళి నేలమీద, పడకలమీద, వంటపాత్రలమీద పేరుకొన్నది. నేలమీద పాకే పసివారు ఆ ధూళిని తమ చేతులతోనే నోటికి చేర్చుకొన్నారు.

2010 మార్చిలో ‘సరిహద్దులెరుగని వైద్యులు’ అనే అంతర్జాతీయ వైద్యసేవాసంస్థ దృష్టికి ఒక వింత పరిస్థితి వచ్చింది. కొన్ని గ్రామాలలో చిన్నపిల్లలు మూర్ఛలతో వరుసగా మరణిస్తున్నారు. మలేరియా వంటి జ్వరాలకు వాడే మందులు పనిచేయడం లేదు. చివరకు పిల్లల రక్తనమూనాలను దూరదేశపు ప్రయోగశాలకు పంపగా, వ్యాధికి కారణం సీసమని తేలింది.

ఆ తరువాత రెండు గ్రామాలలో ఇంటింటికీ తిరిగి జరిపిన పరిశీలనలో భయంకరమైన వాస్తవాలు బయటపడ్డాయి. అంతకుముందు ఏడాది కాలంలో అయిదేళ్లలోపు పిల్లలు 463 మందిలో 118 మంది మరణించారు. అనగా నలుగురిలో ఒకరు. బతికి ఉన్నవారిలో 204 మంది రక్తాన్ని పరీక్షించగా, నూటికి 97 మందిలో సీసం డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములు, లేదా అంతకు మించి ఉన్నది. అది తక్షణం చికిత్స ఆరంభించవలసిన స్థాయి. పరిశీలించిన ప్రాంగణాలలో మూడింట రెండు వంతుల చోట్ల ఖనిజాన్ని ఇంటిలోనే శుద్ధిచేసినట్లు తెలిసింది.

చికిత్సకు మందులున్నాయి. అవి రక్తంలోని సీసాన్ని బంధించి మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. అయితే చికిత్స పొందిన బిడ్డ తిరిగి ఆ విషపు నేలమీదకే వెళ్లి ఆడుకొంటే ఆ మందు వలన ప్రయోజనమేమి? చిల్లికుండలో నీరు పోసినట్లే అవుతుంది. కనుక బిడ్డకు వైద్యం చేయడానికి ముందు ఇంటికి వైద్యం చేయాలి. నేలలో ఏ భాగం విషమో, ఏ భాగం క్షేమమో తెలుసుకొని, చెడిన మట్టిని తవ్వి దూరంగా పాతిపెట్టి, దాని స్థానంలో మంచి మట్టి పరచాలి. వర్షాకాలం ముంచుకొస్తోంది. ప్రతి ప్రాంగణం నుంచి మట్టిని సేకరించి, దూరదేశానికి పంపి, ఫలితం కోసం ఎదురుచూసే వ్యవధి లేదు.

ఆ సమయంలో క్షేత్రబృందాలకు ఆధారమైనది చేతిలో ఇమిడే ఒక పరికరం. దానిని నేలకు ఆనించి, మీట నొక్కి, కొద్దిసేపు కదలకుండా పట్టుకొంటే, మట్టిలో సీసం ఎంత ఉన్నదో తెరమీద కనిపిస్తుంది. ఆనాటి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ మార్గదర్శకాల ప్రకారం, పిల్లలు తిరిగే నేలలో సీసం పది లక్షల భాగాలకు 400 భాగాలను, అనగా 400 పీపీఎంను మించరాదు. జంఫారాలో కొన్నిచోట్ల అది లక్ష పీపీఎంను దాటింది. అంటే ఆ మట్టిలో పదోవంతు సీసమే!

పరికరం చూపిన చోట పారలు దిగాయి. తవ్విన తరువాత మళ్లీ కొలిచారు. ఇంకా మిగిలి ఉంటే మళ్లీ తవ్వారు. దారెతా, యార్గల్మా గ్రామాలలో 2010 జూన్‌లో ఆరంభమైన ఈ పని, 2013లో బగేగా గ్రామంతో కలిపి మొత్తం ఎనిమిది గ్రామాలకు విస్తరించింది. దాదాపు నాలుగు వందల మంది పిల్లలు మరణించారని అంచనా. శుద్ధి జరగని గ్రామాలలో చికిత్స ఆరంభించడానికి సైతం వేచి ఉండవలసి వచ్చిందంటే, నేలను కొలిచే పనిలో ఒక్కొక్క దినం విలువ ఎంతటిదో ఊహించవచ్చు.

పరికరం పనిచేసే తీరు

ఈ పరికరాన్ని ఎక్స్-కిరణ ప్రతిదీప్తి విశ్లేషకం అంటారు. ఇది మట్టిమీదకు ఎక్స్-కిరణాలను ప్రసరింపజేస్తుంది. ఆ కిరణాలు పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను బయటకు నెట్టివేస్తాయి. అలా ఖాళీ అయిన స్థానంలోకి వెలుపలి కక్ష్యనుంచి మరొక ఎలక్ట్రాన్ దిగివస్తుంది. దిగేటప్పుడు తనలోని అధికశక్తిని మరొక ఎక్స్-కిరణం రూపంలో విడుదల చేస్తుంది. ఈ కిరణశక్తి ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క రీతిగా ఉంటుంది. మనుషులకు వేలిముద్రలెలాగో మూలకాలకు ఈ కిరణాలు అలాంటివి. కిరణపు శక్తిని బట్టి అది ఏ మూలకమో, అటువంటి కిరణాల సంఖ్యను బట్టి ఆ మూలకం ఎంత ఉన్నదో పరికరం లెక్కిస్తుంది.

ఇందువలన కలిగే సౌలభ్యాలు స్పష్టం. మట్టిని కరిగించనవసరం లేదు. రసాయనాలతో పనిలేదు. ఒక్క నిమిషంలోనో, రెండు నిమిషాలలోనో ఫలితం వస్తుంది. ఒక్క దినంలో ఎన్నో చోట్ల కొలవవచ్చు. అన్నింటికంటె ముఖ్యంగా, తవ్వే మనిషి పార పట్టుకొని నిలుచుండగానే “ఇంకా తవ్వాలా, చాలా?” అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

పరికరానికి గల పరిమితులు

అయితే ఈ పరికరం చెప్పిన ప్రతి మాటా వేదవాక్యం కాదు. మొదటి సంగతి, అది చూసేది నేల పైపొరను మాత్రమే. కొద్ది మిల్లీమీటర్లకు దిగువన ఏమున్నదో దానికి తెలియదు. పైన మంచి మట్టి పలుచగా పరచి ఉంటే, కింది విషం దాని కంటపడదు.

రెండవది తేమ. మట్టిలో తేమ నూటికి ఇరవై వంతులను మించితే ఫలితం దెబ్బతినవచ్చు. వాననీటితో తడిసిన మట్టి నిజానికి ఉన్నదానికంటె తక్కువ సీసం ఉన్నట్లు చూపవచ్చు. అలాగే గులకరాళ్లు, ఎగుడుదిగుళ్లు ఉన్న నేల, సన్నగా నూరిన మట్టి ఒకే ఫలితాన్ని ఇవ్వవు.

మూడవది, ఒక మూలకం మరొకదాని మాటున దాగడం. సీసం విడుదలచేసే ఒక ముఖ్యకిరణపు శక్తి సుమారు 10.55 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఆర్సెనిక్ విడుదలచేసే ముఖ్యకిరణపు శక్తి సుమారు 10.54. ఈ రెండింటినీ విడదీసి చూడటం పరికరానికి కష్టం. ఆర్సెనిక్ కంటె సీసం పదిరెట్లు, లేదా అంతకుమించి ఉన్నచోట ఆర్సెనిక్ పరిమాణాన్ని అది నమ్మకంగా చెప్పలేదు. పెద్దగొంతుతో మాట్లాడేవాని పక్కన చిన్నగొంతు వినబడనట్లే ఇదీ.

ఇతర క్షేత్రపరికరాలకూ ఇటువంటి హద్దులే ఉన్నాయి. పెట్రోలు నిల్వచేసే తొట్టెలు కారి నేలలో ఇంకిన చోట, మట్టినుంచి వెలువడే ఆవిరులను పసిగట్టడానికి అతినీలలోహిత దీపంతో పనిచేసే ఒక పరికరాన్ని వాడతారు. సాధారణంగా దానిలోని దీపపు శక్తి 10.6 ఎలక్ట్రాన్ వోల్టులు. బెంజీన్ అణువును అయనీకరించడానికి 9.24 చాలు. కనుక బెంజీన్ పట్టుబడుతుంది. మీథేన్‌కు 12.6 కావాలి. కనుక అది తప్పించుకొంటుంది. పైగా ఈ పరికరం ఆవిరులన్నింటినీ కలిపి ఒకే అంకెగా చూపుతుంది. ఆ ఆవిరి బెంజీనో, మరొకటో అది చెప్పలేదు. బెంజీన్ క్యాన్సర్ కారకం కాబట్టి, ఏ ఆవిరి అన్న ప్రశ్న ఇక్కడ చిన్నది కాదు.

రక్తంలోని సీసాన్ని కొలిచేందుకు జంఫారాలో వాడిన చిన్న పరికరం విషయంలోనూ ఇదే అనుభవం కలిగింది. దాని కొలత డెసిలీటరుకు 65 మైక్రోగ్రాముల వద్ద ఆగిపోతుంది. అంతకు మించితే ‘అధికం’ అని మాత్రమే చూపుతుంది. ఎంత అధికమో తెలియకపోతే చికిత్స ఫలిస్తున్నదీ లేనిదీ వైద్యునికి ఎలా తెలుస్తుంది? అందువలన రక్తాన్ని కొలతప్రకారం పలుచన చేసి తిరిగి పరీక్షించే పద్ధతిని అనుసరించారు. ఆ పద్ధతి ఎంతవరకు నమ్మదగినదో ప్రయోగశాల ఫలితాలతో పోల్చి పరీక్షించారు.

ప్రయోగశాల నిశితత్వం

ప్రయోగశాలకు చేరిన మట్టిని ముందుగా ఆరబెడతారు. జల్లెడపట్టి, సన్నగా నూరుతారు. తూచిన మట్టిని నత్రికామ్లం వంటి గాఢ ఆమ్లాలతో వేడిచేసి, అందులోని లోహాలను ద్రావణంలోకి తెస్తారు. ఆ ద్రావణాన్ని అతి అధిక ఉష్ణోగ్రత గల ప్లాస్మాలోకి పంపి, అయాన్లుగా విడగొట్టి, వాటి ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి లెక్కిస్తారు. ఈ విధానం ద్రావణంలో వందకోట్ల భాగాలకు ఒక భాగం కంటె తక్కువగా ఉన్న లోహాన్ని సైతం గుర్తించగలదు. సీసం, ఆర్సెనిక్ దీనికి వేర్వేరుగా కనిపిస్తాయి. ఒకదాని మాటున మరొకటి దాగే సమస్య ఉండదు.

ప్రయోగశాలకు బలం యంత్రం మాత్రమే కాదు, క్రమశిక్షణ కూడా. లోహం లేదని తెలిసిన నమూనాను మధ్యమధ్య పెట్టి, పాత్రలనుంచి గాని, ఆమ్లాలనుంచి గాని మాలిన్యం కలిసిందేమో చూస్తారు. ఎంత ఉన్నదో ముందుగానే ధ్రువీకరించిన ప్రామాణిక మట్టిని పరీక్షించి, యంత్రం సరిగా చెబుతున్నదో లేదో సరిచూస్తారు. ఒకే నమూనాను రెండుసార్లు విశ్లేషించి ఫలితాలను పోలుస్తారు. ఏ నమూనా ఎవరి చేతినుంచి ఎవరి చేతికి ఎప్పుడు మారినదో దస్త్రంలో రాస్తారు. రేపు న్యాయస్థానంలో “ఈ నేలను పాడుచేసినవారెవరు?” అన్న వివాదం వస్తే నిలబడే సాక్ష్యం ఇదే.

మెతుకు పరీక్ష నేలకు చాలదు

అట్లయితే ప్రయోగశాల ఒక్కటే చాలుననుకోవచ్చునా? ఇక్కడే చాలామంది పొరపడతారు. అన్నం ఉడికినదీ లేనిదీ తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఇళ్లలో అంటారు. కుండలోని నీరు, మంట అన్ని మెతుకులకూ సమానంగా అందుతాయి కాబట్టి ఆ మాట అన్నానికి చెల్లుతుంది. నేలకు చెల్లదు. ఖనిజాన్ని పొడిచేసిన మూల లక్ష పీపీఎం ఉండవచ్చు. పది అడుగుల దూరాన వందే ఉండవచ్చు. గుప్పెడు మట్టిలోనే ఒక రేణువు దాదాపు సీసమే కావచ్చు. పక్క రేణువు మామూలు ఇసుక కావచ్చు.

ప్రయోగశాల కరిగించేది చాలా సందర్భాలలో ఒక గ్రాము మట్టినే. ఆ ఒక్క గ్రామును గురించి అది అత్యంత కచ్చితంగా చెప్పగలదు. అయితే ఆ గ్రాము ఇంటి ప్రాంగణం మొత్తానికి ప్రతినిధి అవునా, కాదా? ఈ ప్రశ్నకు ఏ ప్లాస్మా యంత్రమూ సమాధానం చెప్పలేదు. ఎన్నోచోట్ల మట్టి తీసి, కలిపి, ఆ మిశ్రమం నుంచి నమూనా తీస్తే కొంత మేలు. ఖర్చు వలన మూడు నాలుగు నమూనాలు మాత్రమే పంపినచోట, వాటి మధ్య దాగిన విషపు మడుగు ఎవరి దృష్టికీ రాకుండా మిగిలిపోవచ్చు. నూరు చోట్ల ఉజ్జాయింపుగా కొలవడం, మూడు చోట్ల నిశితంగా కొలవడం కంటె కొన్ని సందర్భాలలో సత్యానికి దగ్గరగా ఉంటుంది.

హద్దు దగ్గరి సందేహం

మరి ఏ ఫలితం ఆధారంగా నిర్ణయం తీసుకోవాలి? ఒక ఉదాహరణ తీసుకొందాం. హద్దు 400 పీపీఎం అనుకొందాం. క్షేత్రపరికరంలో నూటికి ఇరవై వంతుల వరకు తేడా రావచ్చునని భావిద్దాం. పరికరం 5,000 అని చూపితే అసలు విలువ 4,000 కావచ్చు, 6,000 కావచ్చు. ఎట్లయినా తవ్వవలసిందే. దానికి ప్రయోగశాల తీర్పు కోసం ఎదురుచూడటం బిడ్డకు ద్రోహం చేయడమే. పరికరం 60 అని చూపినా, పైన చెప్పిన జాగ్రత్తలు పాటించి ఉంటే, అంత సందేహం అవసరం లేదు. పరికరం 380 అని చూపితే మాత్రం నిలబడి ఆలోచించాలి. ఆ నేల హద్దుకు లోపల ఉన్నదో, వెలుపల ఉన్నదో పరికరం చెప్పలేదు. ఇక్కడ ప్రయోగశాలకు పంపవలసిందే.

అనగా కొలతకు ఎంత కచ్చితత్వం కావాలన్నది హద్దుకు అది ఎంత దూరంలో ఉన్నదన్న దానిని బట్టి ఉంటుంది. హద్దుకు దూరాన ఉన్నచోట ఆలస్యమే విషం. హద్దు దగ్గర నిదానమే ప్రధానం. హద్దు కూడా శాశ్వతం కాదు. సీసం విషయంలో అమెరికా సంస్థ నివాసప్రాంతాల మార్గదర్శక స్థాయిని 2024లో 400 నుంచి 200 పీపీఎంకు తగ్గించింది. నిన్న సందేహం లేని 220 అనే అంకె నేడు సందేహాల నడుమకు వచ్చింది.

పొరపాటు రెండు విధాలుగా జరగవచ్చు. మంచి నేలను చెడ్డదని తవ్వితే ధనం, శ్రమ వృథా అవుతాయి. చెడ్డ నేలను మంచిదని వదిలితే బిడ్డ ఆరోగ్యం పోతుంది. ఈ రెండు తప్పులూ సమానం కావు. కొలిచేవాడు ఈ భేదాన్ని మరువరాదు.

రెండింటినీ జతపరిచే పద్ధతి కూడా ఉంది. క్షేత్రంలో కొలిచిన ప్రతి ఇరవై నమూనాలలో కనీసం ఒకదానిని ప్రయోగశాలకు పంపాలని అమెరికా సంస్థ విధానం చెబుతుంది. అలా పంపేవి ఒకే రకంవి కారాదు. తక్కువ, ఎక్కువ, హద్దుకు సమీపం అనే మూడు తరగతుల నమూనాలూ ఉండాలి. రెండు ఫలితాలకూ పొంతన బాగా కుదిరితే మిగిలిన పందొమ్మిదింటినీ నమ్మవచ్చు. కుదరకపోతే పరికరాన్ని, పద్ధతిని సరిదిద్దుకోవాలి.

నల్లగొండ నీరు చెప్పే పాఠం

మట్టికి చెల్లిన ఈ నియమం నీటికీ చెల్లుతుంది. దీనికి దృష్టాంతం మన నల్లగొండలోనే ఉంది. ఫ్లోరైడ్ అధికంగా గల భూగర్భజలం తాగి, దంతాలు గారపట్టి, ఎముకలు వంగి తరతరాలు బాధపడిన ప్రాంతమది. పటిక, సున్నం కలిపి నీటినుంచి ఫ్లోరైడ్‌ను తొలగించే సులభమైన విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. అది ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరుతో ప్రపంచానికి పరిచయమైంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రామును మించరాదు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు.

శుద్ధిచేసిన నీటిని ఊరిలోనే పరీక్షించడానికి రంగు మారే రసాయనపు పెట్టెలను వాడతారు. జిర్కోనియంతో కలిసి ఉన్న రంజకం నుంచి ఫ్లోరైడ్ ఆ జిర్కోనియాన్ని లాగుకొంటుంది. రంగు మారుతుంది. ఆ మార్పును బట్టి ఫ్లోరైడ్‌ను అంచనా వేస్తారు. అయితే పటికనుంచి వచ్చిన అల్యూమినియం నీటిలో మిగిలి ఉంటే, అది ఫ్లోరైడ్‌ను తానే పట్టి ఉంచుతుంది. అప్పుడు రంగు తగినంత మారదు. నిజానికి ఉన్నదానికంటె ఫ్లోరైడ్ తక్కువగా కనిపిస్తుంది. అనగా శుద్ధికి వాడిన పదార్థమే శుద్ధి పరీక్షను తప్పుదారి పట్టించగలదు! ప్రయోగశాలలో ఫ్లోరైడ్‌ను అల్యూమినియం పట్టునుంచి విడిపించే ద్రావణాన్ని కలిపి, ఆ తరువాతనే కొలుస్తారు. మిగిలిన అల్యూమినియం ఎంతో కూడా అక్కడే తేలుతుంది. దినదినం ఊరిలో పరీక్ష, నియమిత కాలానికి ఒకసారి ప్రయోగశాలలో సరిచూడటం, ఈ రెండూ ఉన్నప్పుడే ఆ బిందెడు నీటిమీద తల్లికి నమ్మకం కలుగుతుంది.

ఉపసంహారం

జంఫారా కథను మరొకసారి తలచుకొందాం. మూర్ఛలకు కారణం సీసమని మొదట చెప్పినది దూరదేశపు ప్రయోగశాల. ఏ ఇంటిలో, ఏ మూలలో ఆ సీసం ఉన్నదో చూపినది చేతిలోని పరికరం. ఒకటి లేకుంటే శత్రువు ఎవరో తెలిసేది కాదు. రెండవది లేకుంటే శత్రువు ఎక్కడున్నాడో తెలిసేది కాదు.

అనుభవజ్ఞుడైన వైద్యుడు ముందుగా నాడి పట్టి చూస్తాడు. అత్యవసరమైతే వెంటనే మందిస్తాడు. సందేహం ఉన్నచోట రక్తపరీక్షకు పంపుతాడు. ఆ ఫలితం వచ్చాక తన నాడిజ్ఞానాన్ని సరిదిద్దుకొంటాడు. నేలకు వైద్యం చేసేవారికీ ఇదే మార్గం. పరికరం వేగాన్ని చూసి మురిసిపోయి దాని హద్దులు మరచినవాడు, ప్రయోగశాల కాగితం కోసం కూర్చుండి ఎదుట ఉన్న బిడ్డను మరచినవాడు ఇద్దరూ పొరపడినవారే. అంకె ఎంత అన్నదానితో పాటు, ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు, దానిపై ఆధారపడినది ఎవరి జీవితం అని అడగడం నేర్చుకొన్నప్పుడే కొలత విజ్ఞానమవుతుంది.

కఠినపదాలు – అర్థాలు

తారతమ్యం = హెచ్చుతగ్గుల భేదం
పొత్తు = పొందిక, కలయిక
ప్రతిదీప్తి = పడిన కిరణాల శక్తిని గ్రహించి తిరిగి వేరొక కిరణాన్ని వెలువరించడం
నిశితం = సూక్ష్మమైనది, పదునైనది
ఉజ్జాయింపు = సుమారు అంచనా
అయనీకరించడం = అణువునుంచి ఎలక్ట్రాన్‌ను వేరుచేయడం
రంజకం = రంగునిచ్చే పదార్థం
దృష్టాంతం = ఉదాహరణ

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానం రాయండి.
1. జంఫారా గ్రామాలలో నేలను శుద్ధిచేయడానికి క్షేత్రపరికరం ఏ విధంగా తోడ్పడిందో వివరించండి.
2. క్షేత్రపరికరాలకు గల పరిమితులను ఉదాహరణలతో చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. ‘మెతుకు పరీక్ష నేలకు చాలదు’ అనడంలోని ఆంతర్యాన్ని తెలపండి.
2. హద్దుకు సమీపంలో ఉన్న ఫలితాన్ని ప్రయోగశాలకు ఎందుకు పంపాలి?
3. నల్లగొండ పద్ధతిలో శుద్ధిచేసిన నీటిని పరీక్షించేటప్పుడు ఏ జాగ్రత్త అవసరం?

ఇ) ఒక్క వాక్యంలో సమాధానం రాయండి.
1. ఎక్స్-కిరణ ప్రతిదీప్తి విశ్లేషకం మూలకాన్ని దేనిని బట్టి గుర్తిస్తుంది?
2. క్షేత్రంలో కొలిచిన ఎన్ని నమూనాలకు ఒకటి చొప్పున ప్రయోగశాలకు పంపాలి?